గుండీల డబ్బాలో ఆకుపచ్చ పానా

పోయిన వారం మిమ్మల్ని మా షెడ్డులో, కుళాయి ముందు, ముక్కు మూసుకుని నిలబడ్డ స్థితిలో వదిలేసి వెళ్ళిపోయాను. ఏం చేయను, ఆ వాసన దగ్గర నిలబడే ఓపిక నాకే లేకపోయింది. ఎవరు ఎక్కడున్నారో ఒకసారి చెప్పి మళ్ళీ అందుకుంటాను.

మా ఊరు ల్హోట్కాలో "పాత కాటా" పబ్బు మూతపడి దాదాపు రెండేళ్ళు. అందులో నలభై ఒక్క ఏళ్ళు గ్లాసుల్లో బీరు పట్టింది మా నాన్న అలోయిస్. కుట్టు ఫ్యాక్టరీ మూసేసి నా ఉద్యోగం ఊడాక, ఆ పబ్బును పంచాయతీ దగ్గర లీజుకు తీసుకుని మళ్ళీ తెరుద్దామని దరఖాస్తు పెట్టాను. నలభై ఏడేళ్ళ వయసులో నాకు ఇంకెక్కడా పని దొరకదు, నాన్నకు ఇంకెక్కడా ప్రాణం నిలవదు. పోటీకి యిహ్లావా పట్నం నుంచి ఒకడు దిగాడు. జూదం మిషన్లు పెడతాడట. పబ్బులో ఇప్పుడు కుళాయి లేదు, చల్లబరిచే పెట్టె లేదు, కాబట్టి ఎవరి చోట వాళ్ళే బీరు పట్టి చూపించమంది మేయరు మిలాదా. శనివారం నాలుగు గంటలకు మా షెడ్డుకు వస్తారు. ఎవరి బీరు బాగుంటే వాళ్ళకే తాళం.

రుచి చూసి చెప్పేది హినెక్. కూడలికి అవతల పక్క రెండో పబ్బు నడిపి, పదేళ్ళ కిందట మానేసిన పెద్దాయన. ఆయనకూ మా నాన్నకూ ముప్ఫై రెండేళ్ళుగా మాటల్లేవు. అగ్నిమాపక దళం వాళ్ళు ఊళ్ళో ఏటా పెట్టే డాన్సు రోజున, ఊరంతా వింటుండగా, "అలోయిస్, నీ కుళాయి గొప్పా, దాన్ని కడిగే చెయ్యి గొప్పా?" అన్నాడట హినెక్. నన్ను అంట్లు తోమేవాడంటావా అని మా నాన్న చేతిలో ఉన్న గ్లాసెడు బీరూ ఆయన నెత్తిన కుమ్మరించాడు. అందుకే మేయరు పెట్టిన షరతు చూసి మేము నవ్వుకున్నాం. శనివారం దాకా పోటీదార్లుగానీ వాళ్ళ ఇంటివాళ్ళుగానీ హినెక్ గడప తొక్కకూడదు, తొక్కితే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. ముప్ఫై రెండేళ్ళు తొక్కని గడపను ఇంకో వారం తొక్కకపోతే కొంపేం మునుగుతుందని నాన్న నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఇక కుళాయిల కథ మీకు తెలిసిందే. పబ్బు పోయాక నాన్న మంచం దిగడం మానేస్తే, షెడ్డులో పాత ఫ్రిజ్ పెట్టి, పీపా పెట్టి, గ్యాస్ సిలిండర్ తగిలించి, ఇంట్లోనే బీరు పట్టే ఏర్పాటు చేశాను. కుళాయి ఎంచుకోవడం దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిది తళతళలాడుతుంటే చూసి మోసపోయాను. రెండు నెలల్లో పూత లేచిపోయి, బీరు తాగితే నాణెం నాకినట్టు ఉండేది. రెండోదాని పిడి ముందుకు లాగాలి. రెండు రోజులు వాడకపోతే లోపల ఎండి అతుక్కుపోయేది, ఒకరోజు బలంగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. మూడోది నిఖార్సయిన స్టీలు, పిడి మన పద్ధతిలో పక్కకు తిరుగుతుంది, ధార తగ్గించుకోవడానికి పక్కన మర కూడా ఉంది. దాన్ని నేను ఈరోజుకీ తప్పు పట్టను. కానీ మూడు వారాలు తిరిగేసరికి దాని మూతి దగ్గర చిన్న చిన్న ఈగలు ముసిరాయి, బీరు పులిసిన వాసన కొట్టింది. స్టీలు ఆసుపత్రులకు, బీరుకు ఇత్తడి అని తేల్చేశాడు నాన్న. పబ్బు మూసిన రోజున ఊడదీసి దుప్పట్లో చుట్టి దాచుకున్న తన ఇత్తడి కుళాయిని మంగళవారం బిగించాడు.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నం. ఇత్తడి కుళాయి కింద గ్లాసు పెట్టి పిడి తిప్పాను. సబ్బు నీళ్ళలో లేచే బుడగల్లాంటి నురగ వచ్చింది, నేను చూస్తుండగానే చప్పబడిపోయింది. వాసన స్టీలు కుళాయి కంటే ఘోరంగా ఉంది. ముక్కు మూసుకున్నది అప్పుడే.

నాన్న ఒక గుక్క తాగి పీపా చెడిందన్నాడు. ఆ పీపా నిన్న వచ్చింది, ఇంకా చెమట కూడా ఆరలేదు. అయితే గొట్టం అన్నాడు. గొట్టం నేను పోయిన నెలే మార్చాను. ఫ్రిజ్ అన్నాడు, ఎండ అన్నాడు, బ్రూవరీలో ఇప్పుడంతా కంప్యూటర్లే అన్నాడు, మీ తరం వాళ్ళకు గ్లాసు కడగడం కూడా రాదన్నాడు. వింటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండిపోయింది. శనివారం ఇదే బీరు హినెక్ చేతికిస్తే ఆయన వాసన చూసి కింద పెట్టేస్తాడు, అంతటితో అయిపోతుంది.

"కుళాయి విప్పుతాను నాన్నా," అన్నాను.

పెరట్లో పెంచుకునే కుందేలును కోస్తానన్నా నాన్న అలా చూడడు. "నలభై ఒక్క ఏళ్ళు పట్టాను. ఒక్కసారి విప్పలా. నడిచే కుళాయికి మురికెక్కడిదే? బీరే కడుక్కుంటుంది."

అక్కడ రోజుకు మూడు పీపాలు పోయేవి, ఇక్కడ ఒక పీపా మూడు వారాలు ఉంటుంది, కదలకుండా నిలవున్న బీరు దేన్ని కడుగుతుంది అని అడిగాను. మిషన్లలో దారం ఎక్కించుకునేదానివి, నువ్వు నాకు బీరు గురించి చెప్పొచ్చావా అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళు ఆ దారమే ఇంటిల్లిపాదికీ తిండి పెట్టింది, పబ్బులో వచ్చేది చాలడం లేదన్న నెలల్లో కూడా. అది చెప్పేలోపే ఆయన టోపీ సర్దుకుని కుందేళ్ళకు గడ్డి వేయాలంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాదనలో ఓడిపోతాననిపిస్తే మా నాన్నకు కుందేళ్ళు గుర్తొస్తాయి.

నేను ఊరుకోలేదు. గ్యాస్ కట్టేసి, పీపా తల విప్పి, గొట్టంలో మిగిలింది బకెట్లోకి వదిలేశాను. కుళాయి మెడ దగ్గర ఉంగరంలా ఒక కట్టు ఉంది, దాని చుట్టూ చిన్న గంట్లు. ఇంట్లో ఉన్న పానాలన్నీ పెట్టి చూశాను. ఒక్కటీ పట్టలేదు. కొక్కెంలా వంగిన పానా ఉంటేగాని అది తిరగదు. విసుగొచ్చి దీపం దగ్గరికి తెచ్చి చూస్తే ఒక సంగతి కనిపించింది. కుళాయి అంతా నల్లబడి ఉంది, ఆ గంట్లు మాత్రం అరిగి మెరుస్తున్నాయి. ఎప్పుడూ విప్పని కుళాయికి గంట్లు ఎలా అరుగుతాయి?

ఇంట్లో వెతకని చోటు లేదు. నాన్న పనిముట్ల పెట్టె, మేడ మీద అటక, కట్టెల గది. అంతా అయ్యాక, చిరాకులో చొక్కా చెయ్యి మేకుకు తగులుకుని గుండీ తెగితే, అది కుట్టుకుందామని అమ్మ గుండీల డబ్బా తీశాను. మా అమ్మ రూజెనా పోయినప్పటి నుంచి ఆ డబ్బా తెరవలేదు. పైన రెండు వరుసల గుండీలున్నాయి. వాటి కింద, గూలాష్ మాంసం పులుసు మరకలున్న ఏప్రన్ ముక్కలో చుట్టి, కొక్కెంలా వంగిన పానా ఉంది. పిడికి ఆకుపచ్చ రంగు. పక్కన పాలసీసాలు కడిగే సన్నటి బ్రష్షు, కాగితం పొట్లంలో రబ్బరు వాషర్లు, ఇంకా పిల్లలు పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి. దాని ఎర్ర పిడి చివర ఉడుత బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. అది నాది. ఆరేళ్ళప్పుడు అది పోగొట్టానని అమ్మ నన్ను తిట్టింది కూడా. దాని కుచ్చు పూర్తిగా గోధుమరంగు తిరిగి, ఒక పక్కకు వంగిపోయి ఉంది.

వంటింట్లోనే కూర్చుని లెక్క వేసుకున్నాను. అమ్మ రోజూ అయిదింటికి లేచేది. పబ్బు వంటింట్లో గూలాష్ కుండ పొయ్యి మీద పెట్టడానికని అనుకునేవాళ్ళం. కుండ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? నాన్న అర్ధరాత్రి దాకా పనిచేసి ఎనిమిది వరకూ పడుకునేవాడు. ఆ మూడు గంటల సంగతి మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

షెడ్డుకు తిరిగొచ్చి పానా పెడితే ఇట్టే తిరిగింది. లోపలికి దీపం పెట్టి చూశాను. సింకు గొట్టంలో పేరుకునే జిగురు ఉంటుంది కదా, అలాంటిదే, నల్లగా, వేలు పెడితే సాగుతూ ఉంది. నురగ పుట్టించే చిన్న జల్లెడ ఒకటుంటుంది లోపల, దాని కన్నాల్లో సగం మూసుకుపోయాయి. వేడి నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి ముక్కలన్నీ నానబెట్టి, అమ్మ బ్రష్షులతోనే తోమాను. ఉడుత బ్రష్షు జల్లెడకు సరిగ్గా సరిపోయింది, దానికోసమే కొన్నట్టు. చిట్లిన వాషర్లు తీసేసి పొట్లంలోవి వేశాను. గొట్టంలోకి సోడా నీళ్ళు ఎక్కించి అరగంట ఉంచి, తర్వాత చన్నీళ్ళతో మూడుసార్లు కడిగాను. నానబెట్టిన నీళ్ళల్లో స్టీలు కుళాయిని కూడా విప్పి పడేశాను. దాని లోపలా అదే జిగురు. పాపం, దాన్ని అనవసరంగా ఊడదీశాం. నాన్న మాట నమ్మి ఒక్కరోజన్నా విప్పి చూడని నా తెలివికి నన్ను నేను తిట్టుకోవాల్సింది.

అన్నీ బిగించి, గ్లాసు చన్నీళ్ళలో ముంచి, కుళాయి మూతి కింద వంచి పట్టుకుని పిడి ఒక్క ఊపున పూర్తిగా తిప్పాను. ముందు నురగ దిగింది, తెల్లగా, దట్టంగా, తడి తడిగా. ఆ నురగ కింద నుంచి బీరు పైకి లేచింది. వాసన చూశాను. బార్లీ, కాస్త చేదు, ఇంకేమీ లేదు. నా చిన్నప్పటి "పాత కాటా" బీరు అదే. ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడే నాన్న చేతుల నిండా గడ్డిపోచలతో వచ్చాడు. బల్ల మీద గ్లాసు చూశాడు, ఏమీ అడక్కుండా ఎత్తి సగం తాగాడు. మీసం తుడుచుకున్నాడు. రెండేళ్ళుగా నేను చూడని వెలుగు ఆయన ముఖంలో కనిపించింది.

"చూశావా," అన్నాడు. "చెప్పానా ఇత్తడని. రెండు రోజులు సర్దుకోనివ్వాలంతే."

దాంతో నా సహనం చచ్చింది. గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. గుండీలు షెడ్డంతా దొర్లాయి. జిగురు తేలుతున్న గిన్నె ఆయన ముందుకు తోశాను.

"ఇదీ నీ కుళాయిలో ఉన్నది. అమ్మ కడిగేది నాన్నా. రోజూ, నువ్వు గుర్రు పెట్టి పడుకున్నప్పుడు. నీ కుళాయి తనంతట తాను ఏనాడూ కడుక్కోలేదు."

ఆయన డబ్బా వంక చూశాడు. అది మీ అమ్మ గుండీల డబ్బా, దాన్నెందుకు పారబోశావు అని అడిగాడు, నేను చెప్పింది వినపడనట్టే. ఆ మొండితనం చూసి నాకు ఇంకా మండింది. నోటికి వచ్చింది ఆపుకోలేకపోయాను.

"అమ్మ మార్చిలో పోయింది. నవంబరులో పబ్బు మూశాం. జనం రావట్లేదని నువ్వు బ్రూవరీని తిట్టావు, టీవీని తిట్టావు, ఊరి కుర్రాళ్ళని తిట్టావు. ఆ ఎనిమిది నెలలు దీన్ని కడిగినవాళ్ళే లేరు నాన్నా. అందుకే రాలేదు జనం."

అనకుండా ఉండాల్సింది. అన్న వెంటనే తెలిసింది. అయినా అనకపోతే శనివారం కూడా ఇత్తడి అనే అంటాడు, ఆ తర్వాత వచ్చే శనివారాలన్నీ కూడా. నాన్న ఖాళీ సీసాల పెట్టె మీద కూర్చున్నాడు. ఉడుత బ్రష్షు తీసుకుని, దాని వంగిన కుచ్చును బొటనవేలితో అటూ ఇటూ రాశాడు.

"పదింటికి పబ్బు తలుపు తీసే ముందు మీ అమ్మ గ్లాసెడు నురగ అడిగేది," అన్నాడు చివరికి. "రోజూ. బీరొద్దు, ఉత్త నురగే. పిల్లికి పాలు పోసినట్టుందని ఏడిపించేవాణ్ణి. తాగేది, నా వంక చూసి తలూపేది, వంటింట్లోకి పోయేది. నన్ను మెచ్చుకుంటోందనుకున్నా."

నురగ తాగితే కుళాయి శుభ్రంగా ఉందో లేదో తెలిసిపోతుంది. అమ్మ తన పని తాను సరిచూసుకునేది. ఆ తలూపు ఆయనకు కాదు. ఆ సంగతి ఆయనకు అప్పటికే అర్థమైంది కాబట్టి నేను కిందికి వంగి గుండీలు ఏరడం మొదలుపెట్టాను.

కొంతసేపటికి ఆయన చేతిలోకి పానా వచ్చింది. దాన్ని తిప్పాడు, కిటికీ వెలుగులోకి పెట్టాడు, ఆకుపచ్చ రంగు మీద గోటితో గీకాడు. ముఖం మారిపోయింది.

"ఇది మీ అమ్మది కాదే."

మరి ఎవరిదన్నాను.

"పనివాళ్ళు ఎత్తుకుపోతున్నారని తన పనిముట్లన్నిటికీ ఈ రంగేసేవాడు. గేటుకి మిగిలిన రంగు." కూడలి వైపు చూశాడు. అవతల హినెక్ ఇంటి గేటు ఆకుపచ్చగానే ఉంది, ఇప్పటికీ.

ఆయన లెక్కలన్నీ తన ముఖంలోనే వేసుకుంటుంటే నేను చూస్తూ ఉండిపోయాను. అమ్మకు పానా ఇచ్చింది హినెక్. విప్పడం, కడగడం, బిగించడం నేర్పిందీ ఆయనే అయి ఉండాలి, ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు? తనకు పోటీ అయిన మా పబ్బు బీరు ఎందుకు బాగుంటోందో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ అన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఆ డాన్సు రోజున ఒక్క మాట జారడం తప్ప.

"వాడు నన్ను అనలేదు," అన్నాడు నాన్న. "రూజెనాని అన్నాడు. కడిగే చెయ్యి అని. నీకేమన్నా తెలుసా అని అడిగాడు నన్ను. నేనేమో వాడి నెత్తిన పోశా."

లేచాడు. గ్లాసు ముంచి, కుళాయి పిడి కొంచెమే తిప్పి, గ్లాసు నిండా ఉత్త నురగే పట్టాడు. ఆడవాళ్ళ తాగుడని జీవితమంతా వెక్కిరించినదాన్ని నిలబడి గుక్క తిప్పకుండా తాగాడు. నా వంక చూసి తలూపాడు, మెల్లగా ఒకసారి. గ్లాసు బోర్లించి పెట్టాడు. పానాను ఏప్రన్ ముక్కతో శుభ్రంగా తుడిచాడు. తుడిచి, చేత్తో పట్టుకుని, షెడ్డు తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

బుర్ర పనిచేయడానికి నాకు కాస్త టైము పట్టింది. గుమ్మం దాకా వచ్చేసరికి ఆయన అప్పటికే కూడలి సగం దాటాడు. మధ్యాహ్నం మూడున్నర, ఎండ ఫెళఫెళలాడుతోంది, ఊళ్ళో ప్రతి కిటికీ తెరిచే ఉంది. శనివారం దాకా ఆ గడప తొక్కకూడదు, సంతకం పెట్టావు, దరఖాస్తు పోతుంది, పబ్బు పోతుంది అని గొంతు చించుకుని అరిచాను. వినిపించింది ఆయనకు. వెనక్కి తిరగలేదు, పానా ఉన్న చెయ్యి మాత్రం ఒకసారి పైకెత్తాడు.

ఆకుపచ్చ గేటు తీశాడు. తలుపు తట్టాడు. హినెక్ వచ్చి తలుపు తీసి, ముందు పానా వంక చూశాడు, తర్వాతే మా నాన్న ముఖం వంక. ఏం అనుకున్నారో ఇంత దూరం వినిపించలేదు. మా నాన్న టోపీ తీయడం మాత్రం కనిపించింది. డాక్టరు ముందు తీయడు, మేయరు ముందు తీయడు, అలాంటి మనిషి టోపీ తీసి, గడప దాటి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

హినెక్ తలుపుకు సరిగ్గా ఎదురుగా మేయరు మిలాదా వంటింటి కిటికీ. ఆవిడ సగం తొక్క తీసిన బంగాళదుంప ఒక చేతిలో, కత్తి ఒక చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆవిడ ఆ తలుపు వంక చూడటం లేదు. నా వంకే చూస్తోంది.